బిర్లా మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్ అసలుదా, బొమ్మా?

మీరు అడిగినవి మూడు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోని డైనోసార్ ఎముకలు నిజమైనవా, ప్లాస్టర్‌వా? ఎనిమిదేళ్ల పాపని అంతదూరం తీసుకెళ్తే చూడటానికి తగినంత ఉందా? అది దొరికింది ఆదిలాబాద్ వైపేనంటున్నారు, మీ అత్తగారి ఊరు చెన్నూరు దగ్గరే కాబట్టి అక్కడికి వెళ్తే ఏమైనా కనిపిస్తుందా? డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల్ని వెంటేసుకుని మ్యూజియం ఉన్న ఆ నౌబత్ పహాడ్ గుట్ట మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మొదటిదానికి సూటిగా జవాబు: అవి అసలు ఎముకలే. కాకపోతే అన్నీ ఒకే జంతువువి కావు, తల మాత్రం మనుషులు చేసి పెట్టింది. "నిజమైనవి" అనేవాళ్లూ "బొమ్మ" అనేవాళ్లూ గొడవపడేది ఇక్కడే. ఇద్దరి మాటలోనూ కొంత ఉంది.

ఆ జంతువు పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. మొదటి సగం కోటా అనే రాతి పొరల పేరు మీద, రెండో సగం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి ఊరి పేరు మీద వచ్చాయి. 1970ల చివర్లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఆ ఊరి దగ్గర తవ్వితే 2,400 చదరపు మీటర్ల జాగాలో 840 ఎముకలు, ఎముక ముక్కలు దొరికాయి. 2,400 చదరపు మీటర్లంటే మన లెక్కలో 24 గుంటలు, ఒక చిన్న మడిచెక్క. సర్వేలోనే పనిచేసిన పి. యాదగిరి గారు 1988లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించి పేరు పెట్టారు. 2001లో ఎముక ఎముకనూ వర్ణిస్తూ మరో పెద్ద వ్యాసం రాశారు. ఇవాళ్టికీ దీనిమీద పనిచేసేవాళ్లందరూ మొదట తెరిచేది ఆ రెండో వ్యాసమే.

ఆ 840 ముక్కలు కనీసం 12 జంతువులవని తేల్చారు. ఎలా తేలుస్తారని పాప తప్పకుండా అడుగుతుంది. పక్కనే బిర్లా మందిర్ ఉంది కదా, గుడి బయట వదిలిన చెప్పులు చూపించండి. గుట్టగా పడున్న చెప్పుల్లో ఎడమకాలివి 12 లెక్కకొస్తే లోపల కనీసం 12 మంది ఉన్నట్టే. ఎక్కువమంది ఉంటే ఉండొచ్చు, తక్కువ ఉండటానికి మాత్రం వీల్లేదు. ఎముకల లెక్కా అంతే. ఒకే వైపుకి చెందిన ఒకే ఎముక ఎన్నిసార్లు వచ్చిందో చూస్తారు.

ఇప్పుడు 840ని 12తో భాగించండి. ఒక్కో జంతువుకి 70 ముక్కలు. ఇలాంటి పొడుగు మెడ, పొడుగు తోక జంతువు ఒంట్లో ఎముకలు రెండొందల పైచిలుకు ఉంటాయి. అంటే ఏ ఒక్కదాని అస్థిపంజరమూ పూర్తిగా దొరకలేదు. ఒకదాని తొడ, ఇంకోదాని పక్కటెముక, మూడోదాని తోక పూసలు పరిమాణం చూసుకుని జోడించి, ఇనుప కడ్డీల ఆసరాతో నిలబెట్టారు. దొరకని చోట అచ్చుపోసిన ముక్కతో నింపారు. ప్రపంచంలో పేరున్న మ్యూజియాల్లో నిలబెట్టిన డైనోసార్లలో చాలావాటి సంగతి ఇదే. దీన్ని మోసమనడం నాకు నచ్చదు. కాకపోతే ఏది ఎముక, ఏది అతుకు అన్నది అక్కడే ఒక చిన్న బొమ్మ గీసి రెండు రంగుల్లో చూపిస్తే చూసేవాడికి ఎంత బాగుంటుందో! మన దేశపు మ్యూజియాల్లో ఆ అలవాటు తక్కువ.

ఎముకలు అలా చెల్లాచెదురుగా ఎందుకున్నాయంటే, చచ్చిన జంతువుల్ని నీళ్లు కదిలించాయి కనుక. కోటా పొరల్లో ఇసుకరాయి, ఎర్రటి మట్టిరాయి, పైన సున్నపురాయి ఉంటాయి. అప్పట్లో అక్కడ ఏరులు, వరద మైదానాలు, చెరువులు ఉండేవి. ఇప్పటి ప్రాణహిత, గోదావరి అప్పటికి లేవు. హిమాలయాలూ లేవు. మన నేల ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని ఉంది. అందుకే కోటాసారస్‌కి దగ్గరి పోలికలున్న వల్కనోడాన్ అనే జంతువు ఎక్కడో జింబాబ్వేలో దొరికింది.

తవ్వకం ఎలా ఉంటుందో కూడా చెప్పి తీసుకెళ్లండి. రాతిలోని ఎముకని పలుగుతో పెకలించి సంచిలో వేసుకురారు. చుట్టూ మట్టి మెల్లగా తీసి, ఎముక మీద తడి కాగితం పరిచి, దానిపైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెగుడ్డ పట్టీలు చుడతారు. విరిగిన చేతికి డాక్టరు వేసే పిండికట్టు ఎలాగో ఇదీ అలాగే. గట్టిపడ్డాక అడుగున తొలిచి, తిరగేసి, రెండో వైపు కూడా కట్టు కడతారు. ఒక తొడ ఎముకని అలా కట్టి ఎత్తాలంటే నలుగురైదుగురు పట్టాలి. ల్యాబ్‌కి వచ్చాక ఆ కట్టు విప్పి, సన్నటి ఉలులతో రాయి గీకడానికి నెలలు పడుతుంది.

ఒకసారి నా స్టూడెంట్ ఒకమ్మాయి "సార్, ఎముకైతే తెల్లగా ఉండాలి కదా, ఇదేంటి ఇటుకలా ఉంది?" అంది. మంచి ప్రశ్న. ఎముక నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. భూమిలో ఉన్నన్నాళ్లూ నీళ్లు వాటిలోంచి తిరుగుతూ, మోసుకొచ్చిన ఖనిజాల్ని అక్కడ వదిలిపోతాయి. ఇనుము ఎక్కువుంటే ఎర్రగా, గోధుమరంగుగా మారుతుంది. ఆకారం ఎముకదే, బరువు మాత్రం రాయిది. పొలాల్లో తిరిగేటప్పుడు ముక్క రాయా ఎముకా అని అనుమానమొస్తే మేం నాలుకకి ఆనించి చూసేవాళ్లం. పాత ఎముక చాలాసార్లు నాలుకని పట్టుకుంటుంది, ఆ రంధ్రాలు తడిని పీల్చేస్తాయి కాబట్టి. మా ఆవిడకి ఈ అలవాటు చూస్తే ఒళ్లుమంట. (మ్యూజియంలో ఈ పరీక్ష చేయకండి, చేత్తో ముట్టుకోకండి కూడా.)

ఇప్పుడు చూడాల్సినవి. చాలామంది మెడ కింద నిలబడి ఫొటో దిగి, ఐదు నిమిషాల్లో బయటికొచ్చి "ఇంతేనా" అంటారు. మీరు వెనక కాలి దగ్గర మొదలుపెట్టండి. పాఠాల్లో మనం డైనోసార్‌ని రాక్షసి బల్లి అంటున్నాం. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకులో పెట్టిన పేరుకి అది సరైన తెలుగే. కానీ గోడమీది బల్లిని గుర్తుచేసుకోండి: తొడ పక్కకి పోతుంది, మోచేతులు బయటికి పొడుచుకొస్తాయి, పొట్ట ఇంచుమించు గోడకి ఆనుతుంది. ఇక్కడ కాలు నులకమంచం కోడులా నిటారుగా ఒంటి కిందికి దిగుతుంది. తొడ ఎముక వంకర లేకుండా తిన్నగా ఉంటుంది, అడ్డంగా కోస్తే కోడిగుడ్డు వాటం. బరువంతా ఆ కోళ్ల మీదే. ఈ ఒక్కటి పాపకి కనిపిస్తే చాలు, బల్లికీ డైనోసార్‌కీ తేడా తెలిసిపోయినట్టే.

అదే తొడ ఎముక మీద, పైభాగంలో, కండరం పట్టుకోవడానికి ఒక చిన్న గట్టు ఉంటుంది. కోటాసారస్ గొప్పతనమంతా ఇలాంటి చిన్న గుర్తుల్లోనే ఉంది. ఈ గట్టు దీనికన్నా ముందు బతికిన, ఇంకా చిన్న జంతువుల లక్షణం. తర్వాత వచ్చిన మహాకాయాల్లో అది కనిపించదు. ముందుకాలి పై ఎముక కొంచెం మెలితిరిగినట్టుండటం కూడా పాత వాసనే. ఇక వెన్నుపూసలు చూడండి. తర్వాతి కాలపు భారీ సారోపాడ్లలో (ఇలాంటి పొడుగు మెడ, పొడుగు తోక డైనోసార్లని అలా అంటారు) పూసల పక్కలు లోతుగా తొలిచినట్టుండి, లోపల గదులు గదులుగా బోలుగా ఉంటాయి. అంత పొడుగు మెడని తేలిక చేసుకోవడానికి ప్రకృతి కనిపెట్టిన ఉపాయం అది. కోటాసారస్ పూసల్లో ఆ పనితనం ఇంకా రాలేదు, సాదాగా, దిట్టంగా ఉంటాయి. నాలుగు కాళ్ల మీద పొడుగు మెడతో నడవడం వచ్చేసింది, ఒళ్లు తేలిక చేసుకునే విద్య ఇంకా పట్టుబడలేదు. ఆ మధ్య దశలో ఉన్న జంతువు ఇంత వివరంగా దొరకడం అరుదు. బయటిదేశాల పరిశోధకులు దీన్ని పదేపదే ప్రస్తావించేది అందుకే.

పరిమాణం గురించి ముందే చెప్పండి, లేకపోతే పాప నిరాశపడుతుంది. పొడవు దాదాపు 9 మీటర్లు, బరువు రెండున్నర టన్నులు అంచనా. మన ఆర్టీసీ బస్సు కన్నా కురచ, బరువులో ఓ ఆడ ఏనుగుకి సరిసమానం. సినిమాల్లో చూసినంత ఉండదు, గర్జించదు. ఆకులు తినేది, పళ్లు చెంచా ఆకారంలో ఉండేవి.

పళ్లంటే గుర్తొచ్చింది. తవ్వకంలో తల ఎముకలు దొరకలేదు, పళ్లు దొరికాయి, అవీ రెండే. పుర్రె ఎముకలు పలచగా ఉంటాయి, వరదలో మొదట పగిలి కొట్టుకుపోయేవి అవే. కాబట్టి అక్కడ మీరు చూసే తల దగ్గరి చుట్టాల పుర్రెలను బట్టి ఊహించి చేసింది. ఫొటోలు దిగేవాళ్లంతా ఆ తలతోనే దిగుతారు, అదొక తమాషా.

వయసు దగ్గర చిన్న చిక్కుంది. మ్యూజియం వివరాల్లో 16 కోట్ల సంవత్సరాలని కనిపిస్తుంది. పరిశోధన వ్యాసాల్లో ఎక్కువగా తొలి జురాసిక్ అని, అంటే 20 కోట్ల నుంచి 17 కోట్ల చిల్లర ఏళ్ల మధ్య అని ఉంటుంది. సున్నపురాతిలోని చేపల్ని పోల్చి చూసినవాళ్లు తొలి జురాసిక్ అన్నారు. పుప్పొడి రేణువులు, సూక్ష్మ జీవుల గుల్లలు చూసినవాళ్లలో కొందరు మధ్య జురాసిక్ వైపు జరిపారు. నేనైతే క్లాసులో "పదిహేడు, పద్దెనిమిది కోట్లు" అని చెప్పి వదిలేసేవాణ్ణి. ఏది పట్టుకున్నా సినిమాల్లో కనిపించే మాంసాహారి టైరనోసారస్ పుట్టేనాటికి ఇవి పోయి తొమ్మిది కోట్ల ఏళ్లు పైనే అయింది. పైగా అది ఉత్తర అమెరికాది. రెండూ ఎదురుపడే అవకాశమే లేదు.

ఆ హాల్లోనే డైనోసార్ గుడ్లు, సముద్రపు గుల్లలు, రాయిగా మారిన చెట్ల మొద్దులు కూడా పెట్టారు. ఈ డైనోసార్ విభాగం 2000లో మొదలైంది. ప్లానెటేరియం 1985 నాటిది, ఎన్టీ రామారావు గారు ప్రారంభించారు. గుడ్లను చూసి "దీని పిల్లలా నాన్నా?" అని పాప అడుగుతుంది, అందరు పిల్లలూ అడుగుతారు. కాదు. మన దేశంలో డైనోసార్ గుడ్లు విస్తారంగా దొరికేది గుజరాత్, మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోని లమేటా అనే రాతి పొరల్లో. అవి డైనోసార్ల యుగం చివరివి, 6.6 కోట్ల ఏళ్లకి కాస్త అటుగా. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు గుర్తించినట్టు 2023లో వ్యాసం వచ్చింది. చెట్ల మొద్దుల దగ్గర మాత్రం ఆగండి. కర్ర పోగులు, వలయాలు రాతిలో అలాగే ఉండిపోవడం కంటికి దగ్గరగా పెట్టి చూడాల్సిన విషయం.

గుల్లలంటే, రాజమండ్రి చుట్టుపక్కల రాతి క్వారీల్లో రెండు నల్లరాతి లావా పొరల మధ్య సముద్రపు గుల్లలున్న సున్నపురాయి ఉంది. ఆ లావా ఎక్కడో దక్కన్‌లో పొంగి మన గోదావరి తీరందాకా పారింది. డైనోసార్లు అంతరించిన నాటి సంగతులు తేల్చడానికి గెర్టా కెల్లర్ అనే భూగర్భ శాస్త్రవేత్త బృందం ఆ క్వారీలనే పరిశీలించింది. రాజమండ్రి వాళ్లలో ఈ మాట తెలిసినవాళ్లు ఎంతమందో!

ఇంకో అపోహ. సింగరేణి బొగ్గు డైనోసార్ల నుంచి వచ్చిందని మా ఊళ్లో పెద్దమనుషులు కూడా అనేవారు. బొగ్గు చెట్లది. అదీ డైనోసార్లు పుట్టకముందు, 25 కోట్ల ఏళ్లకి ముందరి అడవులది. ఆ బొగ్గు పొరల పైనే మాలేరి, ధర్మారం, కోటా పొరలు వరసగా పరుచుకున్నాయి.

ఆ పేర్లతో డైనోసార్లూ ఉన్నాయి. లాంప్లూసారా ధర్మారమెన్సిస్‌లో మన ధర్మారం ఉంది. జక్లపల్లిసారస్‌లో జక్లపల్లి ఉంది. ఆల్వాల్కేరియా మలేరియెన్సిస్ అన్నది ఇంకా సరదా. హైదరాబాద్ వాళ్లు అల్వాల్ అనుకుంటారు, మిగతావాళ్లు మలేరియా అనుకుంటారు. మొదటిది ఆలిక్ వాకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పేరు, రెండోది మాలేరి అనే ఊరు.

ఇక బరాపాసారస్ అనే ఇంకో డైనోసార్ గొడవ. "మన ఆదిలాబాద్ డైనోసార్‌ని కోల్‌కతా వాళ్లు ఎత్తుకెళ్లి ఠాగూర్ పేరు పెట్టుకున్నారు" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తుంటారు. జరిగింది ఇది. పమేలా రాబిన్సన్ అనే బ్రిటిష్ శిలాజ శాస్త్రవేత్త 1957లో కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి, దాన్ని స్థాపించిన మహలనోబిస్ ఆహ్వానం మీద వచ్చి, శిలాజాల విభాగానికి పునాది వేశారు. ఆ సంస్థ వాళ్లే ప్రాణహిత గోదావరి లోయలో ఏళ్ల తరబడి తిరిగి, పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) దాదాపు 300 ఎముకలు తవ్వారు. ఆ జాగా మూడు గుంటలు కూడా ఉండదు. కనీసం ఆరు జంతువులవి. వాటి పక్కనే పెద్ద పెద్ద చెట్ల మొద్దులూ ఉన్నాయి, అంటే చెట్లతో సహా ఊడ్చిన వరదేదో వచ్చినట్టు. బెంగాలీలో "బరా పా" అంటే పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన 1961 ఠాగూర్ శతజయంతి ఏడాది, అందుకే ఆయన పేరు. 1975లో వ్యాసం వచ్చింది. ఆ అస్థిపంజరం ఇప్పటికీ వాళ్ల జియాలజీ మ్యూజియంలో నిలబడి ఉంది. నా మట్టుకు నాకు ఇందులో ఏడవడానికేం కనిపించదు. వాళ్లు రాకపోతే అవి ఇంకో నాలుగు వానాకాలాలకి పొడై పోయేవి. యామన్‌పల్లి ఎముకలైతే ఎక్కువభాగం హైదరాబాద్‌లో సర్వే దగ్గరే ఉన్నాయి కూడా.

చెన్నూరు సంగతి. ఊరికే బండేసుకుని వెళ్తే డైనోసార్ ఎముకలు కనిపిస్తాయనుకోకండి. తవ్విన గుంటలు పూడిపోతాయి, పత్తి చేలవుతాయి. కానీ నేల చూడటానికి వెళ్లండి. ఎర్రమట్టి దిబ్బలు, ఇసుకరాతి బండలు, అక్కడక్కడ పలకలుగా విడిపోయే సున్నపురాయి కనిపిస్తాయి. ఆ సున్నపురాతి పలకల్లో అదృష్టం బాగుంటే చేప పొలుసులుంటాయి. లెపిడోటిస్ అనే చేపవి. మన బొచ్చె పొలుసులా గుండ్రంగా, పలచగా ఉండవు. మందంగా, చతికిన చదరంలా, నల్లగా, వార్నిష్ వేసినట్టు మెరుస్తుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఎవరో పగిలిన గాజు ముక్క పారేశారనుకున్నాను. వంగి తీయబోతే రాయితో సహా వచ్చింది.

కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర సిరొంచ. అక్కడా తెలుగు నడుస్తుంది, భాషకి ఇబ్బంది లేదు. కోటా ఊరు ఆ వైపుదే. ఆ తాలూకాలోనే వడదం దగ్గర అటవీశాఖ వాళ్ల శిలాజాల పార్కు ఉంది. పాపకి విసుగు రాకుండా చూపించడానికి అది నయం.

ఏదైనా కనిపిస్తే పెకలించొద్దు. పక్కన రూపాయి బిళ్లో పెన్నో పెట్టి ఫొటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ దాచుకోండి, జియొలాజికల్ సర్వే హైదరాబాద్ ఆఫీసుకి పంపండి. ఎముక ఏ పొరలో, ఏ వైపు తిరిగి ఉందన్నదే సగం సమాచారం. ఇంటికి తెచ్చి షోకేసులో పెడితే అది పోతుంది. శిలాజ స్థలాల రక్షణకి ప్రత్యేక చట్టం ముసాయిదా 2022 డిసెంబర్‌లో పెట్టారు. చట్టం సంగతెలా ఉన్నా, పొలం రైతుది. ఆయన్ని అడక్కుండా గట్టు దిగకండి.

గుజరాత్‌లో డైనోసార్ శిలాజాలు దొరికిన రాయియోలి గురించి కూడా కొందరు అడుగుతుంటారు. 2019లో మ్యూజియం తెరిచారు, స్థలం మీదే కట్టారు, కొత్త హంగులన్నీ ఉన్నాయి. 2003లో పేరుపెట్టిన రాజాసారస్ అనే మాంసాహారి అక్కడిదే. అహ్మదాబాద్ వెళ్లే పనుంటే తప్పక చూడండి. కానీ ఆ ఒక్కదాని కోసం రైలెక్కేముందు, ఇంటి పక్కనున్న దీన్ని ఒకసారి తీరిగ్గా చూడమంటాను.

సెలవురోజు మధ్యాహ్నం వద్దు, స్కూలు బస్సులు దిగితే ఆ హాల్లో ఎవరి మాట ఎవరికీ వినపడదు. పాపకి ఓ నోటుబుక్కు, పెన్సిలు ఇవ్వండి. మొత్తం జంతువుని గీయమంటే రెండు నిమిషాల్లో విసుగొచ్చి వదిలేస్తుంది. తోక పూసల్లో ఏవైనా మూడు, పక్కపక్కనే ఉన్నవి, గీయమనండి. ఏది ఎముకో ఏది అతుకో తనే మీకు చెప్తుంది.